నాగావళి కంటే గోదావరి చిన్నదా?

మన దేశంలోని ఎనిమిది నదుల పేర్లు, వాటి పొడవులు కంప్యూటర్‌లో ఒక పట్టికగా రాశామనుకోండి. అన్నిటికంటే పొడవైన నది పైన, అన్నిటికంటే పొట్టిది అడుగున రావాలి. ఇందుకోసం వర్డ్ ప్రాసెసర్‌లో ‘సార్ట్’ అనే ఆదేశం ఉంటుంది. పొడవుల వరసను తీసుకుని, అవరోహణ క్రమం కావాలని చెప్పి మీట నొక్కాం. రెప్పపాటులో పట్టిక ఇలా తయారైంది. పొడవులు కిలోమీటర్లలో ఉన్నాయి.

మహానది – 851
కావేరి – 800
పెన్న – 597
తుంగభద్ర – 531
నాగావళి – 256
గోదావరి – 1465
కృష్ణ – 1400
నర్మద – 1312

చూశారా చిత్రం! గంగ తరువాత మన దేశంలో అంత పొడవైన నది గోదావరి. అది శ్రీకాకుళం పక్కగా పారే నాగావళి కంటే కిందికి దిగిపోయింది. నర్మద అన్నిటికంటే అడుగున పడింది. మూడో తరగతి పిల్లలు కూడా చెయ్యని పొరపాటిది. మరి కోట్ల లెక్కలు క్షణంలో చేసే యంత్రానికి 256 కంటే 1465 పెద్దదని తెలియలేదా?

తెలుసు. కాని ఆ ప్రశ్న దాన్ని మనం అడగలేదు.

అంకె వేరు, సంఖ్య వేరు

ఈ చిక్కు విప్పాలంటే ముందు నిఘంటువు తెరవాలి. అందులో ‘మహాసముద్రం’ ముందు వస్తుంది, ‘మాట’ తరువాత వస్తుంది. ఏ మాట పొడవు, ఏ మాట పొట్టి అని నిఘంటువు చూడదు. మొదటి అక్షరాన్ని మొదటి అక్షరంతో పోలుస్తుంది. అవి సమానమైతే రెండో అక్షరాన్ని రెండోదానితో పోలుస్తుంది. ఎక్కడ తేడా కనబడితే అక్కడితో తీర్పు అయిపోతుంది. మిగతా అక్షరాలు చూడనక్కర లేదు.

మన యంత్రం సరిగ్గా ఇదే పని చేసింది. పొడవుల వరసలో ఉన్నవి దాని దృష్టిలో మాటలు. 256 అనే ‘మాట’ 2తో మొదలవుతుంది, 1465 అనే ‘మాట’ 1తో మొదలవుతుంది. 2 కంటే 1 చిన్నది. తీర్పు అయిపోయింది! తరువాత ఎన్ని అంకెలు ఉన్నాయో అది చూడలేదు. 1465, 1400, 1312 మూడూ 1తో మొదలయ్యాయి కాబట్టి మూడూ అడుగున చేరాయి. వాటిలో వాటికి రెండో అంకెతోను, మూడో అంకెతోను పోటీ జరిగింది. ఆ పోటీ ఫలితం మాత్రం మనకు అనుకూలంగానే వచ్చింది.

అంకె వేరు, సంఖ్య వేరు అని లెక్కల మాష్టారు చెప్పే ఉంటారు. 1, 4, 6, 5 అనేవి అంకెలు. వాటి స్థానాలను బట్టి వేలు, వందలు, పదులు, ఒకట్లు లెక్కకట్టి చూస్తేనే పదునాలుగు వందల అరవై అయిదు అనే సంఖ్య వస్తుంది. యంత్రం అంకెలను చూసి ఊరుకుంది, స్థానవిలువ కట్టలేదు.

ఇంకో సంగతి గమనించండి. పట్టికలోని పొడవులన్నీ మూడేసి అంకెలవే అయితే ఈ లోపం బయటపడేదే కాదు. మహానది నుంచి నాగావళి వరకు వరస ఎంత చక్కగా ఉందో చూడండి! అంకెల సంఖ్య సమానంగా ఉన్నంత కాలం మాటల పోలికా, సంఖ్యల పోలికా ఒకే జవాబు ఇస్తాయి. నాలుగంకెల పొడవు వచ్చినప్పుడే గుట్టు రట్టవుతుంది. అందుకే ఇలాంటి తప్పులు చాలాకాలం ఎవరి కంటా పడకుండా దాక్కుంటాయి.

ప్రతి గుర్తుకూ ఒక నంబరు

అక్షరాల్లో ఏది ముందో, ఏది వెనకో యంత్రానికి ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ లోపల అక్షరాలు ఉండవు. ప్రతి గుర్తుకూ ఒక నంబరు ఉంటుంది. 1963లో అమెరికాలో ఆస్కీ అనే పట్టీని ప్రకటించి, తరువాత సవరించారు. అందులో మొత్తం 128 స్థానాలు. 0 అనే గుర్తు నంబరు 48. అక్కడినుంచి వరసగా 9 అనే గుర్తు నంబరు 57. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు 65తోను, చిన్నబడి అక్షరాలు 97తోను మొదలవుతాయి. మాటల మధ్య వదిలే ఖాళీ జాగాకు కూడా నంబరు ఉంది, అది 32.

ఖాళీకి నంబరా అని ఆశ్చర్యపోకండి. పట్టికలను పాడుచేసే దొంగల్లో మొదటి దొంగ ఈ ఖాళీయే. ‘పెన్న’ అని రాసేటప్పుడు పొరపాటున ముందు స్పేస్ మీట తగిలిందనుకోండి. కంటికి పెద్ద తేడా కనబడదు. కాని నంబర్లను పోల్చే యంత్రానికి ఆ గడిలో మొదటి గుర్తు ‘పె’ కాదు, ఖాళీ. 32 అన్నిటికంటే చిన్న నంబరు గనుక పెన్న ఒక్క గెంతుతో పట్టిక నెత్తికెక్కి కూర్చుంటుంది. ఏదైనా ఒక్క పేరు కారణం లేకుండా పైకి పోయిందంటే, ఆ గడి ముందు ఖాళీ ఉందేమో వెతకండి. దాన్ని తుడిచేస్తే సగం జబ్బులు నయమవుతాయి.

రకం చెప్పడమే మందు

నదుల పట్టికను బాగుచెయ్యడం ఎలా? సార్ట్ ఆదేశం ఇచ్చినప్పుడు తెరమీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఏ నిలువు వరసను బట్టి పేర్చాలి, ఆరోహణమా, అవరోహణమా అనే ప్రశ్నలతో పాటు ‘రకం’ అనే ప్రశ్న కూడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో టెక్స్ట్, నంబర్, డేట్ అని మూడు రకాలు ఉంటాయి. లిబ్రె ఆఫీస్ రైటర్‌లో ఆల్ఫాన్యూమరిక్, న్యూమరిక్ అని ఉంటాయి. పొడవుల వరసకు నంబర్ లేక న్యూమరిక్ అని ఎంచుకుంటే యంత్రం స్థానవిలువ కట్టి పోలుస్తుంది. వెంటనే గోదావరి పైకి, నాగావళి అడుగుకు వచ్చేస్తాయి.

అలా చేసినా కుదరలేదంటే గడుల్లో సంఖ్యలు కానివేవో ఉన్నాయన్నమాట. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుందాం.

గడిలో ‘1465 కి.మీ.’ అని రాసి ఉండవచ్చు. కొన్ని ప్రోగ్రాములు అక్షరాలను వదిలేసి అంకెలను తీసుకుంటాయి, కొన్ని తికమకపడతాయి. ‘పొడవు, కిలోమీటర్లలో’ అని శీర్షికలో ఒక్కసారి రాసి, గడుల్లో సంఖ్య మాత్రమే ఉంచడం మంచి పద్ధతి. ‘సుమారు 800’, ‘తెలియదు’ వంటి మాటలు కూడా సంఖ్యల వరసలో ఉండకూడదు. అలాంటి వివరాలకు పక్కన మరో నిలువు వరస పెట్టుకోవచ్చు.

కంటిని మోసం చేసే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. 0 అంకెకు బదులు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొట్టేవాళ్లు ఉన్నారు. తెలుగులో ఇంకా తమాషా ఉంది. తెలుగు అంకెల్లోని సున్నా, మాటల్లో రాసే సున్న చూపుకు ఒకేలా ఉంటాయి. ‘౦’ అంకె నంబరు 3174, ‘ం’ నంబరు 3074. సరిగ్గా వంద తేడా! యంత్రానికి అవి రెండు వేరువేరు గుర్తులు. ౧౪౬౫ అని తెలుగు అంకెలతో రాయడం అందంగానే ఉంటుంది. కాని ఒకే వరసలో సగం గడులకు తెలుగు అంకెలు, సగం గడులకు 1, 2, 3 వాడితే కలగాపులగం తప్పదు. వరసంతా ఒకే రకం అంకెలు వాడాలి.

సంఖ్య అని చెప్పే వీలు లేని చోట పాత ఉపాయం ఒకటి ఉంది. ఎడమవైపు సున్నాలు చేర్చి అన్నిటినీ ఒకే పొడవుకు తేవడం. 0256, 0597, 1465 అని రాస్తే మాటల పోలికతో కూడా వరస సరిగ్గానే వస్తుంది. మొదటి అంకెలోనే 0 కంటే 1 పెద్దదని తేలిపోతుంది గదా!

తేదీల తంటా

ఇప్పుడు చరిత్ర పాఠంలోకి వెళదాం. ఆరు తేదీలను మాటలుగా ఆరోహణ క్రమంలో పేరిస్తే ఏమవుతుందో చూడండి.

01-10-1953 – ఆంధ్ర రాష్ట్ర అవతరణ
01-11-1956 – ఆంధ్రప్రదేశ్ అవతరణ
02-06-2014 – తెలంగాణ రాష్ట్ర అవతరణ
02-10-1869 – గాంధీజీ జననం
15-08-1947 – స్వాతంత్ర్యం
26-01-1950 – రాజ్యాంగం అమలు

తెలంగాణ ఏర్పడిన తరువాత గాంధీజీ పుట్టారట! కారణం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. యంత్రం ఎడమనుంచి చదువుతుంది. మనం తేదీలో ఎడమవైపు రాసేది రోజు. అన్నిటికంటే పెద్ద కొలత అయిన సంవత్సరం చివర ఉంది. సంఖ్యలో వేల స్థానం ఎడమవైపు, ఒకట్ల స్థానం కుడివైపు ఉంటాయి. తేదీని మనం దానికి తలకిందులుగా రాస్తున్నామన్నమాట.

రకం దగ్గర ‘డేట్’ అని ఎంచుకుంటే చాలావరకు సరిపోతుంది. అయితే అందులోనూ ఒక మెలిక ఉంది. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత రాస్తారు. కంప్యూటర్ ఆ పద్ధతిలో ఉంటే 01-11-1956ను నవంబరు 1గా కాక జనవరి 11గా చదువుతుంది. 15-08-1947 దగ్గరికి వచ్చేసరికి పదిహేనో నెల ఏమిటో దానికి అర్థం కాదు. అందుచేత తేదీల పద్ధతి మన దేశపు పద్ధతికి ఉందో లేదో చూసుకోవాలి.

అసలు చిక్కే రాకుండా ఉండాలంటే 1947-08-15 అని సంవత్సరం, నెల, రోజు వరసలో రాయవచ్చు. 1988లో వెలువడిన ఒక అంతర్జాతీయ ప్రమాణం చెప్పిన పద్ధతి ఇదే. ఇలా రాసిన తేదీలను మాటలుగా పోల్చినా, తేదీలుగా పోల్చినా ఒకే వరస వస్తుంది. పైన ఉన్న ఆరు తేదీలనూ ఇలా తిరగరాసి చూడండి. 1869 మొదటికి, 2014 చివరికి వాటంతట అవే చేరతాయి.

తెలుగు అక్షరాల వరస

ఇక పేర్ల సంగతి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు కూడా నంబర్లు ఇచ్చారు. ‘అ’కు 3077, ‘క’కు 3093. ఇందులో ఒక విశేషం ఉంది. దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒరియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం, ఈ తొమ్మిది లిపులనూ ఒకే అచ్చులో పోసినట్టు అమర్చారు. హిందీ ‘క’ నంబరు 2325. దానికి 768 కలిపితే తెలుగు ‘క’ వస్తుంది. హిందీ ‘మ’కు 768 కలిపితే తెలుగు ‘మ’ వస్తుంది. 1988 నాటి ‘ఇస్కీ’ అనే భారతీయ పట్టీ ఇందుకు ఆధారం.

ఈ అమరికలో ‘ళ’ను ‘ల’ పక్కన కూర్చోబెట్టారు. ల 3122, ళ 3123, వ 3125. మరి మన వర్ణమాలలో ఎలా చదువుతాం? య, ర, ల, వ, శ, ష, స, హ, ళ అని చదువుతాం. వర్ణమాల ప్రకారం ‘కవి’ ముందు, ‘కళ’ తరువాత రావాలి. వట్టి నంబర్లను చూసి పేర్చే ప్రోగ్రామైతే ‘కళ’ ముందు, ‘కవి’ తరువాత వస్తాయి. ఎనిమిది నదుల పట్టికలో ఈ తేడా తెలియదు. వేల పుస్తకాలున్న గ్రంథాలయపు జాబితాలో తెలుస్తుంది.

దీనికీ మందు ఉంది. నంబర్ల వరస వేరు, భాష వరస వేరు అని ప్రమాణాలు రాసినవాళ్లు మొదటే గుర్తించారు. అందుకే భాషల వరసలు చెప్పే పట్టీలను విడిగా తయారుచేశారు. సార్ట్ పెట్టెలో భాష అడిగే చోట తెలుగు అని ఎంచుకుంటే, ఆ ప్రోగ్రాములో తెలుగు వరస ఉన్నప్పుడు యంత్రం దాన్నే పాటిస్తుంది.

యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు అచ్చుపనిలో వాడిన తెలుగు ఫాంట్ల కథ మరీ చిత్రమైనది. వాటిలో లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తుల నంబర్లు. పైకి మాత్రం తెలుగు బొమ్మలు కనబడతాయి. తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు అక్షరాలన్నమాట! వాటిని పేర్చమంటే యంత్రం వేషం చూడదు, లోపలి నంబర్లు చూస్తుంది. అకారాది క్రమం అస్తవ్యస్తమవుతుంది. ఎన్నిసార్లు సార్ట్ చేసినా ప్రయోజనం లేదు. ముందుగా ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

శీర్షిక పరుగు, కలిసిన గడులు

కొన్ని లోపాలు గడుల లోపల కాక పట్టిక కట్టులో ఉంటాయి. పై వరసలో ‘నది పేరు’ అనే శీర్షిక ఉందనుకోండి. అది శీర్షిక అని చెప్పకపోతే యంత్రం దాన్నీ ఒక నదిగానే లెక్కిస్తుంది. పేర్లను బట్టి ఆరోహణ క్రమంలో పేరిస్తే ‘నది పేరు’ పోయి పోయి తుంగభద్రకూ నర్మదకూ మధ్య చేరుతుంది! సార్ట్ పెట్టెలో ‘శీర్షిక వరస ఉంది’ అనే గుర్తు పెట్టడమో, శీర్షికను వదిలి మిగతా వరసలనే ఎంచుకోవడమో చెయ్యాలి. అడుగున ‘మొత్తం’ అనే వరస ఉన్నా ఇదే జాగ్రత్త అవసరం.

అందం కోసం రెండు మూడు గడులను కలిపి ఒకటి చేస్తాం గదా! అలా కలిపిన గడులున్న పట్టికను పేర్చడానికి వర్డ్ ఒప్పుకోదు. అది మొండితనం కాదు. ఒక గడి రెండు వరసలకు ఉమ్మడిగా ఉంటే, ఆ రెండు వరసలు చెరో చోటికీ పోవలసి వచ్చినప్పుడు ఆ గడి ఎవరితో పోవాలి? గడులను విడదీసి, పేర్చుకుని, అవసరమైతే మళ్లీ కలుపుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం

ఇంతవరకు చెప్పినవన్నీ కంటికి కనబడే తప్పులు. ఒక తప్పు మాత్రం కనబడదు. ఒక్క నిలువు వరసను మాత్రమే పేర్చి, మిగతా వరసలను కదలకుండా ఉంచే వీలు కొన్ని ప్రోగ్రాముల్లో ఉంది. నదుల పేర్లు అకారాదిగా మారతాయి, పొడవులు ఉన్నచోటే ఉండిపోతాయి. పట్టిక చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని ఒక నది పొడవు మరో నది పక్కన చేరుతుంది. అదే పరీక్ష మార్కుల పట్టిక అయితే? ఒకరి మార్కులు మరొకరి పేరు పక్కకు పోతాయి. ఆసుపత్రిలో రక్తపరీక్షల పట్టిక అయితే? ఒకరి జబ్బు మరొకరికి అంటుతుంది!

కాబట్టి పేర్చేముందు మూడు జాగ్రత్తలు తీసుకోండి. మొదట పట్టిక నకలు ఒకటి దాచుకోండి. తరువాత 1, 2, 3 అని వరస సంఖ్యల నిలువు వరస ఒకటి చేర్చండి. ఎంత చెదిరినా దాన్ని బట్టి మళ్లీ మొదటి వరసకు రావచ్చు. పేర్చిన తరువాత మీకు బాగా తెలిసిన రెండు మూడు అడ్డవరసలను పాత పట్టికతో సరిచూడండి. గోదావరి పక్కన 1465 ఉందా? ఉంటే సంతోషం.

వరస ఎందుకంత ముఖ్యం?

వెయ్యి పేర్లు వరసలో లేకుండా ఉంటే, మీ పేరు వెతకడానికి వెయ్యీ చదవవలసి రావచ్చు. వరసలో ఉంటే మధ్య పేరు చూడండి. మీ పేరు దానికి ముందా, వెనకా? సగం జాబితా ఎగిరిపోయింది. మిగిలిన సగంలో మళ్లీ మధ్య పేరు చూడండి. ఇలా వెయ్యి 500 అవుతుంది, 250 అవుతుంది, 125 అవుతుంది. పది చూపుల్లో పేరు దొరుకుతుంది, లేదా జాబితాలో లేదని తేలిపోతుంది.

ఈ ‘లేదు’ అనే మాట దగ్గరే అసలు విషయం ఉంది. జాబితా వరసలో ఉందని నమ్మి, పేరు ఉండవలసిన చోట చూసి, లేకపోతే లేదని చెప్పేస్తాం. ముందు ఒక్క ఖాళీ పడినందువల్ల ఆ పేరు పైకెక్కి కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది? ఓటర్ల జాబితాలో, హాల్ టికెట్ల జాబితాలో, సాయం అందవలసినవారి జాబితాలో పేరు ఉండి కూడా లేనట్టే అవుతుంది. అలాంటప్పుడు ఇంకో చోట కూడా వెతికి చూడమని అడిగే హక్కు, అడిగే తెలివి మనకు ఉండాలి.

మీరే చేసి చూడండి

కంప్యూటర్ లేకపోయినా ఈ ప్రయోగం చెయ్యవచ్చు. ఎనిమిది చీటీల మీద 7, 70, 12, 105, 9, 21, 300, 1000 అని రాయండి. ఒక స్నేహితుణ్ణి ‘యంత్రం’గా నిలబెట్టండి. రెండేసి చీటీలు చేతికిచ్చి, ఎడమనుంచి ఒక్కొక్క అంకెనే పోల్చమనండి. మిగతా అంకెలను అట్టముక్కతో మూసి ఉంచాలి. తేడా రాగానే తీర్పు చెప్పాలి. ఒక చీటీలో అంకెలు ముందే అయిపోతే అది చిన్నదని లెక్క. ఆరోహణ క్రమంలో చివరికి వచ్చే వరస ఇది: 1000, 105, 12, 21, 300, 7, 70, 9.

ఇప్పుడు ఎడమవైపు సున్నాలు చేర్చి అన్నిటినీ నాలుగంకెలు చెయ్యండి. అదే ‘యంత్రం’ చేత, అదే పద్ధతిలో మళ్లీ పేర్పించండి. ఈసారి ఏ వరస వస్తుందో ముందుగానే కాగితం మీద రాసిపెట్టుకుని, చివర సరిచూసుకోండి.